చెరువు గట్టున ఖైరతాబాద్

హైదరాబాద్ చూడవచ్చినవారు చార్మినార్ చూస్తారు, గోల్కొండ ఎక్కుతారు. హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఉన్న ఖైరతాబాద్‌ను మాత్రం బస్సు కిటికీలోంచి చూసి సాగిపోతారు. ఒక సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత పిల్లలను వెంటబెట్టుకొని ఆ పేటలో నడిచాను.

ముందు చెరువు, తర్వాతే పేట. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు వెలసింది. కాలువ ద్వారా మూసీ నీరు ఇందులోకి చేరేది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చేవరకు జంట నగరాల దాహం తీర్చడంలో దీనికి పెద్ద పాలు ఉండేది. ఆ నీటికి మతభేదం తెలియదు.

పేటకు పేరిచ్చింది కుతుబ్ షాహీ వంశపు ఖైరున్నిసా బేగం. 17వ శతాబ్దపు ఇక్కడి మస్జిదు ఆమె జ్ఞాపకమే. పక్కనే ఒక గుమ్మటం ఉంది. లోపల సమాధి లేదు. ఆమె గురువు తనకోసం దానిని కట్టించుకున్నారనీ, హజ్ యాత్రకు వెళ్లి మక్కాలోనే కన్నుమూశారనీ చెబుతారు.

“అయితే ఇది వృథాగా పోయినట్టేనా, అబ్బా?” అని మా చిన్నవాడు అడిగాడు.

“మనిషి తన మట్టిని తాను ఎంచుకోలేడని చెప్పడానికి నిలిచింది, బేటా” అన్నాను.

అదే పేటలో 1954లో ఒక అడుగు విగ్రహంతో మొదలైన గణేశ్ ఉత్సవం 2024లో 70 అడుగులకు చేరింది. ఉత్సవాల రోజుల్లో లక్షల మంది వస్తారు. అజాన్ వినిపించే వీధుల్లోనే ఆ జనమూ నడుస్తుంది. ఎవరి విశ్వాసం వారిది. వీధి మాత్రం అందరిదీ.

అయితే చెరువు గట్టుకు చేరేసరికి పిల్లలు ముక్కు మూసుకున్నారు. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగు, పరిశ్రమల వ్యర్థాలు ఏళ్ల తరబడి ఆ నీటిని పాడుచేశాయి. పొరుగువారి హక్కును దైవప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో మనకు తెలుసు. ఆ హక్కు గోడ అవతలి ఇంటితో ఆగిపోదు. మన ఇంటి కాలువ చేరే చోటు వరకూ సాగుతుంది. పూర్వులు తాగడానికి నీరిచ్చారు, మనం వారి చెరువుకు మురుగు తిరిగి ఇచ్చాం.

మగ్రిబ్ వేళకు వెనుదిరిగాం. దారిలో పెద్దవాడు తాను తాగిన సీసాను పారేయకుండా ఇంటిదాకా చేతిలోనే పట్టుకొచ్చాడు. నేనేమీ చెప్పలేదు.