పెద్దమ్మ ఇంట ఆరు దీపాలు

కరెంటు ఆదా చేయడమంటే దీపం ఆర్పేసి చీకట్లో కూర్చోవడమేనా? చోడవరంలో ఒక పాత పెంకుటిల్లు చెప్పిన జవాబు ఇది...

అనకాపల్లిలో చోడవరం బస్సెక్కేసరికి సాయంత్రం ఐదున్నర. సంక్రాంతి వెళ్లి వారమైంది. తుమ్మపాల దాటామో లేదో, కిటికీలోంచి చల్లగాలితోపాటు తీయటి వాసన! ఎక్కడో గానుగ దగ్గర పెనంలో బెల్లం పాకం ఉడుకుతోందన్నమాట. రోడ్డుకు రెండువైపులా చెరకు తోటలు. కొన్నిచోట్ల కొట్టేసిన మోళ్లు. కళ్లు మూసుకుని కూర్చున్నా ఈ దారిలో చోడవరం దగ్గరపడుతోందని ముక్కు చెప్పేస్తుంది.

దూరం గట్టిగా ఇరవై కిలోమీటర్లు. అయినా ఈ కాస్త దూరంలోనే పొద్దు వాలిపోయింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కానీ మా చుట్టాల్లో పెద్దవాళ్లను 'మీదే జిల్లా?' అని అడిగి చూడండి... 'విశాఖపట్నం' అనే మాటే ముందొస్తుంది.

బస్టాండులో దిగితే బజారంతా తెల్లటి వెలుగు. మిఠాయి కొట్లు, మందుల షాపులు, సెల్‌ఫోన్ దుకాణాలు పట్టపగల్లా ఉన్నాయి. రెండు సందులు తిరిగి పెద్దమ్మ ఇంటి ముందు నిలబడ్డాను. వీధి దీపం వెలుగుతోంది. ఇల్లు మాత్రం చీకటి!

''పెద్దమ్మా...''

''ఎవులూ? నువ్వేనేటి నాయనా! ఉండు, దీపం ఏస్తాను.''

లోపలెక్కడో స్విచ్ చప్పుడు. అరుగు మీద బల్బు ఎర్రగా వెలిగింది. ఆ వెలుగులో కనిపించింది పెద్దమ్మ ఎడమచేతికి కట్టు!

చీకట్లో జారిన కాలు

పెద్దమ్మకు డెబ్భై అయిదు దాటాయి. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పిల్లలు హైదరాబాద్‌లో ఒకరు, గాజువాకలో ఒకరు. వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లో మందులకు పోగా మిగిలేది లెక్కే. అందుకే ఆవిడ పొదుపు మొత్తం కరెంటు మీద పెట్టింది. చీకటి పడితే వంటింట్లో ఒక్క బల్బు. వంటయ్యాక అదీ ఆర్పేసి టీవీ వెలుతురులో కూర్చోవడం. పెరటి దీపం వేసి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

పది రోజుల కిందట రాత్రి పెరట్లోకి వెళ్తూ గుమ్మం దగ్గర మెట్టు తప్పింది. అదృష్టం బాగుండి మణికట్టుతో పోయింది.

''ఒక్కదాన్నే కదేటి... ఇన్ని దీపాలెందుకురా? బిల్లు చూస్తే గుండె గుబేలుమంటాది'' అంది, తప్పు తనది కాదన్నట్టు.

ఇది మా పెద్దమ్మ ఒక్కదాని అలవాటేనా? మీ ఇంట్లోనూ ఒక బామ్మో, తాతయ్యో గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పేస్తూ ఉంటారు. వాళ్ల లెక్కలో దీపమంటే ఖర్చు. ఆ లెక్క నేర్పింది మాత్రం పాత బల్బు!

లాంతరు నుంచి హుద్‌హుద్ దాకా

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని పెద్దమ్మ చిన్నప్పటి సంగతులు చెప్పింది. రాత్రిపూట చెరకు బళ్లు వరుసగా వెళ్తుంటే ప్రతి బండి కిందా ఒక లాంతరు ఊగేదట. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టాక ఉత్తరాంధ్ర ఊళ్లకు ఒక్కొక్కటిగా తీగలు వచ్చాయి. ఇంట్లో మొదటి బల్బు వెలిగిన రోజు దానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నారట!

ఆ బల్బుతో వచ్చిన కష్టాలు మన తరం కూడా చూసింది. సాయంత్రం ఏడయ్యేసరికి లో ఓల్టేజి. పొలాల్లో మోటార్లు వేశారంటే ఇళ్లలో బల్బులు ఎర్రటి నిప్పుకణికలు. ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకోవడమే తప్ప వెలిగేది కాదు. 'ట్యూబ్‌లైట్' అనే తిట్టు ఊరికే పుట్టిందా!

తర్వాత సీఎఫ్‌ఎల్ వచ్చింది. ఈ కథలో మన జిల్లాకు ఓ ప్రత్యేకత ఉంది. పాత బల్బులు తీసుకుని తక్కువ ధరకు సీఎఫ్‌ఎల్ బల్బులిచ్చే పథకాన్ని ఆస్రామ్ కంపెనీ విశాఖపట్నం జిల్లాలో చేపట్టింది. ఆదా అయ్యే కరెంటు వల్ల తగ్గే కాలుష్యాన్ని లెక్కగట్టి, దాన్ని కార్బన్ క్రెడిట్లుగా మార్చుకునే ఏర్పాటది. 2009లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛాభివృద్ధి విధానం కింద నమోదైంది కూడా. మన వంటింటి బల్బు లెక్క అంత దూరం వెళ్లిందన్నమాట!

ఇక 2014 అక్టోబరు. ఆ నెల 7న భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా... జపాన్‌లో పుట్టిన ఈ ముగ్గురూ నీలిరంగు ఎల్‌ఈడీని సాధించినందుకు. ఎరుపు ఎల్‌ఈడీ 1962 నుంచే ఉంది. నీలం దొరికాకే తెల్లని వెలుగు సాధ్యమైంది. నీలిరంగు చిప్ మీద పసుపు పూత పూస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. పాడైన ఎల్‌ఈడీ బల్బు పైటోపీ విప్పి చూడండి, లోపల పసుపు బొట్లు కనిపిస్తాయి.

నోబెల్ ప్రకటించి అయిదు రోజులైనా కాలేదు. అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. స్తంభాలు ఒరిగాయి, చెట్లు కూలాయి, చెరకు తోటలు నేలకు పడుకున్నాయి. ''కొవ్వొత్తులు కూడా దొరకలేదురా. ఆ చీకటి పగవాడికీ వద్దు'' అంది పెద్దమ్మ. ఆ తుపాను తర్వాతే విశాఖ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ప్రపంచానికి తెల్లని వెలుగిచ్చినవారికి నోబెల్, మనకు చిమ్మచీకటి... రెండూ ఒకే వారంలో!

310 నుంచి 38కి

అప్పటికి ఎల్‌ఈడీ బల్బు సామాన్యుడికి అందేది కాదు. 2014 మొదట్లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్నా ఒక్కోటీ 310 రూపాయలు పడింది. కోట్ల సంఖ్యలో కొనడం మొదలుపెట్టాక 2016 నాటికి అదే సంస్థకు 38 రూపాయలకే దొరికింది. 2015 జనవరిలో దేశమంతటికీ మొదలైన పథకమే తర్వాత 'ఉజాలా' అయింది. దాని కింద ఇప్పటిదాకా 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. మన రాష్ట్రంలో పాత బల్బు తెచ్చిచ్చినవారికి 10 రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

''మరి నీకు రాలేదా పెద్దమ్మా?''

''ఎందుకు రాలేదూ? రెండొచ్చాయి. ఒకటి ఉరుములకి పోయింది. రెండోది బీరువాలో దాచాను, పండక్కి వేద్దామని!''

ఎన్ని పండగలు వెళ్లిపోయాయో!

పెన్సిల్‌తో వేసిన లెక్క

మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ క్యాలెండర్ వెనకవైపు లెక్క రాసి చూపించాను. మీరూ వేసి చూడండి.

60 వాట్ల పాత బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అంతకంటే కాస్త ఎక్కువే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి నెలకు 1.35 యూనిట్లు. అంటే ఆరు ఎల్‌ఈడీలు అయిదేసి గంటలు వెలిగినా 8.1 యూనిట్లే! పెద్దమ్మ వంటింట్లో ఒక్క దీపం వేసుకుని మిగతా ఇల్లంతా చీకటి చేసుకుంటున్న ఖర్చుతో... అరుగు, వీధిగది, వంటిల్లు, పడకగది, దేవుడి గది, పెరడు... అన్నీ వెలిగించుకోవచ్చు. ఇంకా కాస్త మిగులుతుంది కూడా.

మిగతా కరెంటంతా ఏమైపోయిందంటారా? పాత బల్బు తీసుకునే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. మనం ఇన్నాళ్లూ బిల్లు కట్టింది దీపానికి కాదు, నట్టింట్లో పెట్టుకున్న కుంపటికి!

మన బిల్లు మెట్లమెట్లుగా పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం తొలి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. కాబట్టి తగ్గే యూనిట్లు ఎప్పుడూ పైమెట్టువే. 125 లోపు వాడే ఇంట్లో ఒక్క బల్బు మారిస్తే నెలకు 34 రూపాయల దాకా మిగులుతుంది. వంద రూపాయల బల్బు మూడు నాలుగు నెలల్లో తన డబ్బు తాను తెచ్చేస్తుంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు 50 వాట్లు దాటుతుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సరిపోతుంది.

పెద్దమ్మ కాగితం వైపు చాలాసేపు చూసింది. ''ఆరు దీపాలకీ కలిపి అంతేనేటి?'' అని రెండుసార్లు అడిగింది.

బెల్లం రంగు చెప్పిన గుట్టు

స్వయంభూ విఘ్నేశ్వరుడి దర్శనం చేసుకుని బజారుకెళ్లాను. ఇక్కడ స్వామి నడుము పై భాగమే కనిపిస్తుంది. తొండం చివర కోనేరులో ఉందని ఊరివాళ్ల నమ్మకం. ఏ పని మొదలుపెట్టినా ఇక్కడో కొబ్బరికాయ కొట్టాల్సిందే. బల్బులు మార్చడమైనా సరే!

దారిలో ఓ బెల్లం కొట్టు. దిమ్మల మీద తెల్లని ఎల్‌ఈడీ వెలుతురు. ''వ్యాపారం ఎలా ఉంది?'' అంటే కొట్టాయన నవ్వాడు. ''పాత బల్బు కింద నల్లబెల్లం కూడా బంగారంలా ఉండేదండి. ఈ తెల్లదీపమొచ్చాక ఏదీ దాగడం లేదు!''

హాస్యానికన్నా అందులో విషయం ఉంది. పాత బల్బు వెలుగులో పసుపు, ఎరుపు పాళ్లు ఎక్కువ. మనం కొనే చాలా ఎల్‌ఈడీల్లో నీలం పాలెక్కువ. అందుకే పెద్దవాళ్లు 'ఆ దీపం ఆసుపత్రిలా ఉంది, వద్దు' అంటారు. పెద్దమ్మ కూడా అదే అంది. కానీ ఎల్‌ఈడీ అంటే తెలుపే కానక్కర్లేదు. డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లటి పగటి వెలుగు. 2700కె, 3000కె అని ఉంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు. పసుపు వెలుగుకు వానాకాలంలో ఉసిళ్లు, పురుగులు చేరడమూ తక్కువే. అరుగుకీ పెరటికీ అదే మేలు.

ఎలక్ట్రికల్ షాపులో పసుపు రంగువి అడిగితే కుర్రాడు వెనక అరలోంచి దుమ్ము దులిపి తీశాడు. ''అడిగేవాళ్లు లేరు సార్'' అన్నాడు. అడిగితే కదా తెప్పిస్తారు!

కొనేటప్పుడు...

'ఎల్‌ఈడీలు ఆర్నెల్లకే పోతున్నాయి' అనే మాట చాలా ఇళ్లలో వింటాం. నిజమే. అయితే చాలాసార్లు పోయేది లోపలి దీపం కాదు, కరెంటును దానికి తగ్గట్టు మార్చే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్. తోపుడుబండి మీద పేరూ ఊరూ లేని బల్బు కొంటే ముందు పోయేది అదే. కాబట్టి బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 2018 నుంచి ఎల్‌ఈడీ బల్బులకు స్టార్ గుర్తు కూడా తప్పనిసరి. వాట్లు చూసి కాదు, ల్యూమెన్లు చూసి కొనండి. ఎంత కరెంటు తింటుందో చెప్పేది వాట్లు, ఎంత వెలుగిస్తుందో చెప్పేది ల్యూమెన్లు. వారంటీ రాయించుకుని బిల్లు దాచుకోండి. గాలాడని గాజు డూములో బిగించకండి. వేడికి డ్రైవర్ త్వరగా పాడవుతుంది. ఉరుములు మొదలైతే స్విచ్ కట్టేయండి.

పాత సీఎఫ్‌ఎల్, ట్యూబ్‌లైట్లలో కాస్త పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, కాసేపు ఆగి, చేత్తో ముట్టకుండా ఎత్తేయాలి. చెత్తబుట్టలో కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.

అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేదా? ఎక్కువసేపు వెలిగే వంటింటి దీపంతో మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం మెట్టు దగ్గరి దీపమే మొదటిది కావాలి.

పెరటి దీపం

మధ్యాహ్నానికి స్టూలెక్కి ఆరు హోల్డర్లలో ఆరు బల్బులు బిగించాను. బీరువాలో దాచిన పది రూపాయల బల్బు కూడా తీసి బిగిస్తే... టక్కున వెలిగింది! దాన్ని దేవుడి గదిలో పెట్టాం. అరుగు మీదా పెరటి గుమ్మం మీదా పసుపు రంగువి. మెట్టు అంచుకు తెల్లసున్నంతో ఒక గీత కూడా గీశాను, బాగా కనిపించాలని.

పొద్దుగూకాక అన్నీ ఒక్కసారి వేశాం. పెద్దమ్మ గదిగదికీ తిరిగి వచ్చింది. గోడ మీద పెదనాన్న ఫొటో దగ్గర ఒక్క క్షణం ఆగింది. పెరటి మెట్టు దిగి, మళ్లీ ఎక్కింది.

''మన పాత దీపంలాగే ఉందిరా'' అంది.

రాత్రి భోజనాలయ్యాక పెరటి తలుపు వేస్తూ అలవాటుగా స్విచ్ మీద చెయ్యి వేశాను.

''ఉండనీరా, నాను పడుకునేటప్పుడు ఆర్పుతాన్లే'' అంది పెద్దమ్మ వంటింట్లోంచి.