గేటు మీద శిలువ ఉంటే సరిపోతుందా?

మొన్న చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర టీ తాగుతుంటే మా రూమ్మేటు ఓ బాధ చెప్పుకున్నాడు. వాడు కాథలిక్. తమ్ముడిని ఫాదర్ల కాలేజీలోనే చేర్పించాలని వాళ్ళ నాన్న పట్టు. "అందులో కాథలిక్ ఏముందిరా, గేటు మీద శిలువ తప్ప?" అన్నాడు.

నిజమే, ఏముండాలి? పోప్ రెండవ జాన్ పాల్ 1990లో కాథలిక్ యూనివర్సిటీలకు నియమాలు పెట్టారు. కాథలిక్కులు కాని అధ్యాపకులు మెజారిటీ కాకూడదనేది అందులో ఒకటి. 2011 లెక్కల్లో క్రైస్తవులంతా కలిపి 2.3 శాతమున్న దేశంలో ఇది అయ్యే పనేనా? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు కాలేజీ పెట్టి నడుపుకునే హక్కిస్తుంది. ఆ కాలేజీకి గుణం ఎక్కడినుంచి రావాలో అది చెప్పదు.

అదే పోప్ పత్రంలో ఇంకో రెండు మాటలున్నాయి. అక్కడున్న ప్రతి ఒక్కరి మనస్సాక్షి స్వేచ్ఛనూ గౌరవించాలి, పేదవాళ్ళకి చదువు అందాలి. నాకైతే అసలు పరీక్ష ఇదే అనిపిస్తుంది.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టినవాడికి సీటు, ర్యాంకొచ్చినవాడికి ఫ్లెక్సీ. అది వాళ్ళ వ్యాపారం, తప్పు పట్టను. ఫాదర్ల కాలేజీ కూడా అదే చేస్తే ఆ శిలువ కోడ్‌లో కామెంటు లాంటిది. చదవడానికి బాగుంటుంది, రన్ అవ్వదు.

"ఫీజు కట్టలేనివాడినీ, ఫెయిలైనవాడినీ ఆ కాలేజీ ఏం చేస్తుందో కనుక్కోమను నాన్నని. ఆ తర్వాతే చేర్పించండి" అన్నాను.

వాడు టీ డబ్బులిచ్చేసి ఇంటికి ఫోన్ కలిపాడు.