ఇఱ్ఱులను దాటిపోవు బండ్లు

పండుగసెలవులకు చుట్టములు వచ్చినప్పుడు పాతబస్తీ యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న, వీరి నెచ్చటికి తీసికొనిపోవుదము అనునది. చార్మినారును చూపుటకు మాకు బండి యక్కఱలేదు. లాల్‌దర్వాజానుండి కాలినడకనే పోవచ్చును. సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గంట కొట్టు బొమ్మగల గడియారమును చూడనివారు మా బంధువులలో లేరు. ఇక మిగులునవి రెండు: మీరాలం చెరువు ప్రక్కనున్న జూపార్కు, విజయవాడ బాటమీది రామోజీ ఫిల్ముసిటీ. ఈ రెండవదానికి పోవుదారిలో హయత్‌నగరు రాకమునుపే మహావీర హరిణ వనస్థలి యను జాతీయోద్యాన మొకటి కలదు. బండ్లన్నియు దానిని దాటిపోవును. తెలంగాణమున జాతీయోద్యానములు మూడే. ఆ మూడును ఈ నగరము చుట్టునే యున్నవి. అయినను మా వీథిలో వనస్థలి యనగా నగరశివారున నొక బస్సు ఆగు చోటు మాత్రమే.

నిజాముల నాడు ఇది వేటభూమి. వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున, 1975 లో, ఆయన పేరిట దీనిని మృగరక్షణస్థలముగా చేసిరి. తుపాకి మ్రోగిన చోటును అహింస బోధించిన మహనీయునికి అప్పగించుటలో నొక యౌచిత్యము కలదని మాకు తోచును. 1994 లో జాతీయోద్యానమైనది. విస్తీర్ణము 3758 ఎకరములు. ఫిల్ముసిటీ 1666 ఎకరములదని లోకప్రసిద్ధి గదా. ఇది దానికి రెట్టింపునకు మించినది.

ఇచ్చటి ముఖ్యనివాసి ఇఱ్ఱి. కృష్ణజింక యనియు, కృష్ణసార మనియు పిలుతురు. ఉపనయనములలో కృష్ణాజిన మను మాట వినని గృహస్థు లేడు. ఆ యజినమును మోయు మృగమును మాత్రము చూచినవారు అరుదు. ఈ మృగము సహజముగా తిరుగు దేశమే యజ్ఞమునకు తగినదని మనుస్మృతి చెప్పినది. స్మృతిలోని తక్కిన విధులపై మాకు తగవు లెన్ని యున్నను, భూమి మంచిచెడ్డలను అచ్చట మేయు జంతువునుబట్టి కొలిచిన యీ యొక్క మాటతో మాకు తగవు లేదు.

గడచిన సంక్రాంతికి విజయనగరమునుండి మా వదినగారు పిల్లలతో వచ్చిరి. పిల్లలు ఫిల్ముసిటీ యనిరి. మేము వనస్థలి యంటిమి. “ముండ్లకంప చూచుటకు చేతిడబ్బు పెట్టుకొని పోవలెనా, నాయనా? మా యూరి చెరువుగట్టున బోలెడంత యున్నది,” అని మా అత్తగారు నవ్విరి. అది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. ఫిల్ముసిటీలో చూడవలసినది తప్పక చూపబడును. ఎచ్చట నిలిచి ఫొటో తీసికొనవలెనో కూడ తెలియును. రాజభవనమునకు ముందుగోడయే గాని వెనుక గది లేదని తెలిసియు మనము మురియుదుము, చేసినవారి పనితనము అట్టిది. దానిని మేము నిందింపము. వనస్థలిలో నట్టి భరోసా లేదు. ఇఱ్ఱి తనకు తోచినప్పుడు కనబడును, తోచనప్పుడు లేదు.

విహారము మాట వచ్చినది గావున మఱియొక సంగతి చెప్పవలసియున్నది. మన యిండ్లలో పురుషులకును పిల్లలకును అది సెలవు. స్త్రీలకు వంటయిల్లు చోటు మారుట. తెల్లవాఱక మునుపే లేచి పులిహోర కలిపి, దద్దోజనము కట్టి, జూపార్కులో చెట్టుక్రింద జంపకానా పఱచి వడ్డించి, గిన్నెలు సర్దుకొని వచ్చినవారు ఏనుగును చూచిరో లేదో ఎవ్వరును అడుగరు. ఈసారి మా యింట పొయ్యి వెలిగింపలేదు. నీళ్లసీసాలు మాత్రమే పట్టుకొని పోయి, తిరిగివచ్చునప్పుడు దిల్‌సుఖ్‌నగరులో నొక హోటలున తింటిమి. అత్తగారికి మొదట చేతు లూరక యుండుట యెట్లో తెలియలేదు.

మొదటి గంటలో కనబడినవి తుమ్మలు, ఎండిన గడ్డి, రెండు నెమళ్లు. పెద్దబాట మీది లారీల మ్రోత వినబడుచునే యుండెను. పిల్లవాడు విసిగి చతికిలబడెను. అంతలో గడ్డి కదలినది. పది పదునైదు ఆడుజింకలు, కొమ్ములు లేనివి, గోధుమవన్నెవి. వాని వెనుక నొక పోతు. నల్లనివీపు, తెల్లనిపొట్ట, మెలితిరిగిన కొమ్ములు. మా వదినగారు చేయి యెత్తగనే మంద యంతయు ఒక్కసారిగా గాలిలోని కెగిరినది. ఒకటి వెనుక నొకటి, నేలపై బంతులు పడి లేచినట్లు. తఱువాత గడ్డియే మిగిలినది. అత్తగారు చాలసేపు ఆ వైపే చూచుచు నిలిచిరి. ఏమియు ననలేదు. పిల్లవాడు మాత్రము, జూపార్కులో నైన పులి యున్నదని తన పట్టు విడువలేదు. వానితో వాదింపలేదు. 1963 లో తెఱచిన ఆ 380 ఎకరముల జంతుశాలయే లేకున్న మా వీథిపిల్లలకు పులి యనగా సీసపు డబ్బామీది బొమ్మయే యగును.

మమ్ము కలతపెట్టునది వేఱు. ఈ సంగతి విన్న మిత్రు డొకడు, సద్భావముతోనే, “అంత బీడును ఊరక వదలనేల? మంచి చెట్లు నాటి, పూలతోట వేసి, జనము వచ్చునట్లు చేయరాదా?” యని యడిగెను. చదువుకొన్నవాడే. కాని ఇఱ్ఱి దట్టమైన అడవిజంతువు గాదు, బయలుజంతువు. శత్రువును దూరమునుండి చూచుట, చూచి పరుగెత్తుట, ఇవియే దాని రక్షణ. గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగల దానికి చెట్లగుంపే అడ్డుగోడ. నీడ మనకు పుణ్యము. దానికి పొంచియున్న శత్రువునకు చాటు. పచ్చదనమంతయు నొక్కటే యని నమ్మి మనము గడ్డిని బీడందుము. ఆ మాట ముందుగా లెక్కలలో చేరును. తఱువాత ఇండ్ల ప్లాట్లుగా మాఱును. వనస్థలిపురము చుట్టు నేల యెట్లు నిండినదో ఆ బాటన పోవువారు చూచుచునే యున్నారు.

మా మిత్రుడు ఒప్పుకొనలేదు. పూలతోట లేనిదే వాని భార్య రాదనెను. ఆమెను అడిగితివా యని మా అత్తగారు లోపలినుండి కేకవేసిరి.