కోరంగి మడ అడవిలో ఓ పూట

మల్కాజ్‌గిరి వాళ్లం మనం. మనకు తెలిసిన సముద్రమల్లా తెరమీద డ్యూయెట్ వెనకాల కనిపించేదే! శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కి పడుకుంటే తెల్లారి కాకినాడ. ఎస్వీ రంగారావు, అంజలీదేవి నాటకాలాడిన యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఊరు. వచ్చినవాళ్లు కాజాలు కొనుక్కుని తిరుగు రైలెక్కేస్తారు. మీరు మాత్రం యానాం బస్సెక్కి కోరంగిలో దిగండి.

అక్కడ కనిపించేది మన సినిమాల్లో అడవి కాదు. బురద! ఆ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కదా, మడచెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. పక్కన తిల్లచెట్టు పచ్చగా, ముచ్చటగా ఉంటుంది గానీ చెయ్యి వెయ్యకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పైకి హీరోయిన్, లోపల వాంప్! ఇంకో రకం చెట్టుకి గింజ కొమ్మమీదే మొలకెత్తి, బారుగా వేలాడి, ఆపైన బురదలోకి జారి పాతుకుంటుంది. పిల్లని పెంచి పెద్దచేసి అత్తారింటికి పంపినట్టన్నమాట.

తూర్పు తీరంలో సుందరబన్ తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద మడ అడవుల్లో ఈ గోదావరి మడలూ ఉన్నాయి. 1978లో 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం చేశారు. నీటికుక్కలున్నాయి, చేపలు పట్టే పిల్లి కూడా ఉంది. అది ఎక్కువగా రాత్రి షో ఆర్టిస్టు, పగలు కనబడుతుందని ఆశపడకండి. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇక్కడ ఓడలెక్కి వెళ్లినవాళ్ల వల్లే బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అన్న పేరొచ్చింది. 1789లో ఒక తుపాను, 1839లో ఇంకొకటి. రేవు కథ ముగిసింది. అలాంటి ఉప్పెన వచ్చినప్పుడు కెరటం జోరు తగ్గించేది ఈ చెట్లే. రొయ్యపిల్ల, చేపపిల్ల పెరిగేదీ వీటి వేళ్ల సందుల్లోనే.

అయినా నరుకుతూనే వచ్చారు. రొయ్యల చెరువుల మోజులో డెల్టాలో చాలాచోట్ల మడ పోయింది. మన ఆదివారం రొయ్యల వేపుడుకీ ఈ కథలో ఓ వేషం ఉంది, చెప్పొద్దూ! 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాలకని మడ కొట్టేస్తే, తగువు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇల్లు కావాలి, నిజమే. ఉప్పెన వస్తే ముందు మునిగేదీ ఆ ఇల్లేగా? ఎండిపోయిన మేరల్లో మాత్రం చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటునీరు లోపలికి పారించి, మళ్లీ మొక్కలు నాటారు.

బోటెక్కాలనుంటే పోటు వేళ కనుక్కుని వెళ్లండి. నీరు తీసిందంటే చిన్న కాలవల్లో బోటు కదలదు.