సిపాయి ఎవరి మనిషి?

2024 రిపబ్లిక్ డే కవాతు టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ కర్తవ్య పథ్ మీద తెల్ల టోపీల ఫ్రెంచి దళం ఒకటి నడిచింది. మన దళాలు చకచకా సాగిపోతుంటే వాళ్లు మాత్రం తొందరేమీ లేనట్టు, బరువుగా, నిదానంగా అడుగులేశారు. అది ఫారిన్ లీజియన్, విదేశీయులు చేరే ఫ్రెంచి దళం. వాళ్ల నడక నిమిషానికి 88 అడుగులు. ఫ్రాన్సులో మిగతా రెజిమెంట్లది 120. జూలై 14న పారిస్‌లో జరిగే కవాతులో కాలినడక దళాలన్నిటి వెనకా వీళ్లు రావడానికి కారణం ఆ నిదానమే. ఢిల్లీలో నడిచిన ఆ వరుసల్లో మన దేశంలో పుట్టిన కుర్రాళ్లూ కొందరున్నారు. సొంత దేశపు రాజధానిలో పరాయి జెండా కింద కవాతు! మరి ఆ కుర్రాడు ఎవరి మనిషి? జీతమిచ్చేవాడి మనిషా, జెండా మనిషా, కన్న ఊరి మనిషా?

ఈ ప్రశ్నకు ఫ్రాన్సు ఇచ్చుకున్నన్ని జవాబులు మరే దేశమూ ఇచ్చుకోలేదని నా నమ్మకం. ఒక్కో జవాబుకీ బోలెడంత నెత్తురు ధారపోసింది. తీరిగ్గా కూర్చోండి, చెబుతాను.

మొదట్లో సిపాయి ఎవరి మనిషీ కాదు. నూరేళ్ల యుద్ధపు రోజుల్లో కూలికి పోరాడేవాళ్లు, యుద్ధం ఆగి జీతం ఆగిపోగానే ఊళ్ల మీద పడి దోచుకునేవారు. జనం వాళ్లను తోలు ఒలిచేవాళ్లని పిలుచుకున్నారు. 1445లో ఏడో చార్లెస్ రాజు వాళ్లలో పనికొచ్చేవాళ్లను ఏరి 15 కంపెనీలు కట్టాడు. యుద్ధం ఉన్నా లేకున్నా జీతం. ఆ జీతం కోసం ఏటేటా పన్ను. నిలకడైన సైన్యం, నిలకడైన పన్ను ఆ దేశంలో అలా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి.

రెండు శతాబ్దాలు గడిచి పద్నాలుగో లూయీ గద్దెనెక్కే నాటికి సైన్యం పేరుకు రాజుగారిది. కంపెనీ మాత్రం కెప్టెన్‌ది. డబ్బు పెట్టి కొనుక్కునేవాడు, తలకింతని ఖజానా నుంచి తీసుకునేవాడు. యాభై మంది ఉండాల్సిన చోట ముప్పై మందే ఉన్నారనుకోండి, మిగతా ఇరవై మంది జీతం కెప్టెన్ జేబులోకే. లెక్క చూసే అధికారి వచ్చే రోజున కెప్టెన్ తన నౌకర్లనూ, పక్క కంపెనీ నుంచి అరువు తెచ్చినవాళ్లనూ చేతికి తుపాకీ ఇచ్చి వరుసలో నిలబెట్టేవాడు. పేరు పిలిస్తే పలకడం, అధికారి గుర్రమెక్కగానే ఎవరి పనికి వాళ్లు పోవడం. కూలి పనుల్లో దొంగ మస్టర్లు తెలిసిన మనవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. యుద్ధమంత్రి లూవ్వా దీని మీద కత్తి కట్టాడు. తనిఖీలు పెంచాడు, కెప్టెన్లను కొలువు నుంచి తప్పించాడు. కానీ పెద్ద దెబ్బ పడింది మాత్రం వరుసలో నిలబడ్డ అనామకుడికి. ముఖాన ముద్ర వేసేవారు, ఆ తర్వాత ముక్కే కోసేవారు. ఎవరి లాభానికో నిలబడి ముక్కు పోగొట్టుకున్న ఆ పేదవాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

అదే లూయీ 1670లో కాళ్లూ చేతులూ పోయిన సిపాయిల కోసం ఎన్వలీద్ కట్టించే పని మొదలుపెట్టాడన్నదీ చెప్పాలి. ఇవాళ పర్యాటకులు నెపోలియన్ సమాధి చూడ్డానికి వెళ్లే బంగారు గుమ్మటం అక్కడిదే. పనికిరాకుండా పోయిన సిపాయిని పోషించాల్సిన బాధ్యత రాజుదేనని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మన తెలుగు నేల మీద ఫ్రెంచివాళ్లంటే ముందు గుర్తొచ్చేది బుస్సీ. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఆయన నడిపించిన బలగం ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీది. వ్యాపారి జీతం, వ్యాపారి యుద్ధం. ఆ తర్వాత హైదరాబాదులో నిజాం పటాలాలకు తర్ఫీదిచ్చిన రేమాఁ దొర, మనం రేమండ్ అనే ఆయన, తినేది నిజాం ఉప్పు. ఆయన 1798లో పోయాడు. ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్ల ఒత్తిడి మీద ఆ పటాలాలను రద్దు చేసి, ఆయుధాలు దింపించారు. గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది.

ఇక అసలు మలుపుకొద్దాం. 1781లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం నాలుగు తరాల కులీన వంశం చూపించలేనివాడు నేరుగా ఆఫీసరు కాలేడు. పన్నెండేళ్లు తిరక్కుండానే విప్లవం వచ్చి రాజు తల తెగింది, ఆ కులీనుల్లో చాలామంది సరిహద్దు దాటిపోయారు, యూరప్ అంతా మీదికొచ్చింది. 1793 ఆగస్టు 23న విప్లవ ప్రభుత్వం తీసిన ఉత్తర్వులో దేశంలో ఒక్కరినీ వదల్లేదు. కుర్రాళ్లు యుద్ధానికి, పెళ్లయినవాళ్లు ఆయుధాల తయారీకీ తిండి మోతకీ, ఆడవాళ్లు గుడారాలు కుట్టడానికీ ఆస్పత్రులకీ, పిల్లలు పాత గుడ్డలు చించి గాయాలకు పీచు చెయ్యడానికి. ముసలివాళ్లను కూడా కూడళ్లలో కూర్చోబెట్టి జనానికి ధైర్యం చెప్పించమన్నారు. సిపాయి దేశం మనిషి అని కాగితం మీద గట్టిగా రాసుకున్న రోజు అదే.

కాగితం సరే, దాన్ని పటాలంలో ఎలా అమలుపెట్టారన్నదే నాకు ముచ్చటైన భాగం. పాత రాజు సైనికులది తెల్ల కోటు, కొత్త వాలంటీర్లది నీలం కోటు. ఒకరంటే ఒకరికి పడదు. వాళ్లకు పని తెలుసు, వీళ్లకు ఉత్సాహముంది. ఒక పాత బెటాలియన్‌కు రెండు కొత్త బెటాలియన్లు జతచేసి ఒకే దళంగా కుట్టేశారు. అందరికీ నీలం కోటే. నెపోలియన్ గెలుపుల గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఆగను. ఆయన చేతికి అందినది అప్పటికే ఇలా కలిసిపోయిన సైన్యమని మాత్రం మరవద్దు. పీపాలు చేసేవాడి కొడుకు నే, సత్రం నడిపేవాడి కొడుకు మ్యూరా మార్షల్స్ అయ్యింది ఆ సైన్యంలోనే.

అయితే మాట మీద నిలబడలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో లాటరీ వచ్చింది. ఊరి కుర్రాళ్లు పాత్రలో చెయ్యి పెట్టి చీటీ తీయాలి. చిన్న అంకె వస్తే సైన్యం, పెద్ద అంకె వస్తే ఇల్లు. 1832 తర్వాత చిన్న అంకె అంటే ఏడేళ్లు. డబ్బున్న ఇంట్లో చిన్న అంకె వస్తే కూలికి మరొకణ్ణి పంపేవారు. అలాంటి మనుషుల్ని సరఫరా చేసే దళారులూ ఉండేవారు. దేశం మనిషి అనుకున్నవాడు మళ్లీ సంతలో సరుకయ్యాడు. 1870లో ప్రష్యా చేతిలో చావుదెబ్బ తిన్నాకగానీ, 1872 చట్టంతో ఈ బదులు మనుషుల బేరం ఆగలేదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి అందరూ వెళ్లారు. ఎర్ర ప్యాంట్లు వేసుకుని వెళ్లారు, దూరం నుంచే మెషిన్‌గన్లకు దొరికారు. ఆగస్టు 22 ఒక్క రోజున పోయినవాళ్లు సుమారు 27,000. యుద్ధం ముగిసేసరికి 13 లక్షలు దాటారు. ఫ్రాన్సులో ఎంత చిన్న పల్లెకు వెళ్లినా నడిబొడ్డున ఓ రాతి స్తంభం, దాని మీద పేర్ల వరుస కనబడుతుంది. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు. 1917 వసంతంలో వాళ్లు ఎదురు తిరిగారు. కందకాలు వదిలి పారిపోలేదు, కాపలా కాస్తాం గానీ పనికిరాని దాడులకు వెళ్లం అన్నారు. జనరల్ పెతాఁ కొందరిని కాల్పించాడు, దాడులు ఆపాడు, సెలవులూ తిండీ మెరుగుపరిచాడు. యూనిఫాం తొడిగినా పౌరుడు పౌరుడేనని సేనాధిపతులకు ఎరుక చేసింది ఆ నెలలే.

ఆ ఎరుక విలువ 1961లో తేలింది. ఏప్రిల్ 21 రాత్రి అల్జీర్స్‌లో జనరల్స్ తిరుగుబాటు లేవదీశారు. ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న అల్జీరియాను వదులుకునేది లేదని వాళ్ల పట్టు. నగరాన్ని వాళ్లకు పట్టి ఇచ్చింది లీజియన్‌కు చెందిన మొదటి పారాచ్యూట్ రెజిమెంటు, జీతానికి వచ్చిన నిపుణులు. అక్కడే లక్షలాది మామూలు కుర్రాళ్లు కూడా నిర్బంధ సేవలో ఉన్నారు. అప్పట్లో వాళ్ల దగ్గరికి కొత్త వస్తువొకటి చేరింది, ట్రాన్సిస్టర్ రేడియో. ఆదివారం 23 రాత్రి ఎనిమిది గంటలకు అధ్యక్షుడు ద గోల్ యూనిఫాం తొడుక్కుని మాట్లాడాడు. ఈ జనరల్స్ ఆజ్ఞలు పాటించవద్దని ఫ్రెంచివాళ్లందరికీ, ముఖ్యంగా సైనికులకు తాఖీదిచ్చాడు. బ్యారక్‌లలో మంచాల మీద, చిన్న రేడియోల చుట్టూ మూగి విన్నారు వాళ్లు. అధికారి మధ్యలో అడ్డుపడి వార్త దాచేందుకు వీల్లేకపోయింది. తెల్లారేసరికి కొన్నిచోట్ల లారీలు కదల్లేదు, ఆజ్ఞలు అందాల్సినచోటికి అందలేదు. నాలుగు రోజుల్లో తిరుగుబాటు కుప్పకూలింది, ఆ పారాచ్యూట్ రెజిమెంటును రద్దు చేశారు. రిపబ్లిక్‌ను ఆ వారం కాపాడినవాళ్లలో ఇరవయ్యేళ్ల రైతుబిడ్డలూ, మెకానిక్కులూ ఉన్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అలాంటి నిర్బంధ సేవను 1996లో అధ్యక్షుడు షిరాక్ ఆపేస్తానన్నాడు, 2001తో ఆగిపోయింది. ఇప్పుడున్నది పూర్తిగా ఒప్పందం మీద వచ్చినవాళ్ల సైన్యం. సుమారు వెయ్యి మందికో రెజిమెంటు, కొన్ని రెజిమెంట్లకో బ్రిగేడు, ఆ పైన రెండే రెండు డివిజన్లు. ఒకటి బెజాఁసోఁలో, ఒకటి మార్సేల్‌లో. లీజియన్‌లో చేరే విదేశీయుడు ముందుగా అయిదేళ్లకు సంతకం పెట్టాలి. యుద్ధంలో గాయపడితే, కోరుకున్నవాడికి ఫ్రెంచి పౌరసత్వం ఇవ్వాలని 1999లో చట్టమే చేశారు. ఢిల్లీలో నడిచిన మన కుర్రాళ్ల విషయంలో ఫ్రాన్సు ఇచ్చే జవాబు ఇది. న్యాయమైనదే. కానీ 1961లాంటి రాత్రి మళ్లీ వస్తే బ్యారక్‌లో రేడియో చుట్టూ మూగేది ఎవరు? ఆ దిగులు నాకు పోలేదు.

అయినా ఊరి మనిషిగా మిగిలిన సిపాయీ ఉన్నాడు. ఆ సైన్యంలోనే ఒక భాగం పారిస్ వీధుల్లో రోజూ కనబడుతుంది. ఆ నగరంలో మంటలార్పేవాళ్లు సైనికులు. 1810లో నెపోలియన్ రెండో పెళ్లి సందర్భంగా ఆస్ట్రియా రాయబారి ఇచ్చిన విందులో నిప్పంటుకుని మనుషులు పోయారు. అప్పటి అగ్నిమాపకులు ఏమీ చెయ్యలేకపోయారు. మరుసటి ఏడాదే చక్రవర్తి ఆ పనిని ఒక సైనిక బెటాలియన్‌కు అప్పగించాడు. ఇప్పుడది బ్రిగేడు. 2019 ఏప్రిల్ 15న నోత్ర్ దామ్ కప్పు తగలబడుతుంటే ఉత్తరపు గోపురంలోకి ఎక్కి, గంటలు వేలాడే కొయ్య చట్రానికి అంటుకున్న నిప్పు ఆర్పింది వాళ్లే.