అమ్మతో దీవికి

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అయినా అమ్మ హాస్టల్‌కొస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాణ్ణి. కూలి పనితో పగిలిన ఆమె చేతులు స్నేహితులు చూస్తారని సిగ్గు.

పీజీ పరీక్షలయ్యాక అమ్మ అమీర్‌పేటలోని నా గదికి వచ్చింది. పంజాగుట్ట మీదుగా మెట్రోలో వెళ్లి, లుంబినీ పార్కులో పడవెక్కాం. హుస్సేన్‌సాగర్ నడుమనున్న రాతిదిబ్బే మా దీవి. ఈ బుద్ధ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీట మునిగిందనీ, మనుషులు కూడా చనిపోయారనీ, 1992లో పైకి తీసి నిలబెట్టారనీ చెప్పాను.

"పోయినోళ్ల పిల్లలు చదువుకున్నరా బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తిరిగొచ్చేటప్పుడు పడవ ఊగితే నా చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తుండగా నేనూ గట్టిగా పట్టుకున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అమ్మ వస్తే గేటు దగ్గర ఆపకండి.