పరక, పెట్టె మిషను, తిరిగే బ్రష్షు: మేం ఏది కొన్నామంటే



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి. ఆదివారాలు, పండగల ముందర ఇళ్లు శుభ్రం చేసే పనికి పోయే హాస్టల్ పిల్లలు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. వాక్యూమ్ క్లీనర్ కొంటే ఏది కొనాల అని ముగ్గురు నలుగురు అడిగినారు. మేం నలుగురం, ముగ్గురు ఎరుకల, ఒకరు సుగాలి, పోయిన దసరా ముందర నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా ఈ పని చేస్తాండాం. పరీక్ష ఫీజులు దీంతోనే కట్టినాం. అందుకే రాస్తాండాం.

మేం చూసింది కానిస్టర్ రకం. చక్రాలున్న పెట్టెలో మోటారు, దుమ్ము డబ్బా ఉంటాయి, గొట్టం చివర నేల మీద ఆడించే మూతి ఉంటుంది. బరువంతా పెట్టెదే, చేతిలో ఉండేది గొట్టమే. మంచం కిందికి, మిద్దె మెట్లకు, బూజుకు ఇదే వీలు.

అంగట్లో మొట్టమొదట చెప్పేది వాట్లు. 1,400 అంటారు, 1,600 అంటారు. అది మిషను తాగే కరెంటే గాని లాగే బలం కాదు. 1,400 వాట్ల మిషను గంట నడిస్తే 1.4 యూనిట్లు కాలుతుంది, వాట్లు చూస్తే తెలిసేది అంతే. ఐరోపాలో 2014లో 1,600 వాట్లకు, 2017లో 900 వాట్లకు మించగూడదని కట్టడి పెట్టినారు. అయినా అక్కడ ఇళ్లు ఊడ్చుకుంటానే ఉన్నారు. మీరు అడగాల్సింది, డబ్బా సగం నిండినాక కూడా ఇట్లనే లాగుతుందా అని. ఆ మాట అడిగితే అమ్మేవాళ్ల మొహం చూడాల.

ఇంక మూతుల సంగతి. మామూలు మూతికి కింద చిన్న కుచ్చు ఉంటుంది, కాలితో నొక్కితే లోపలికి పోతుంది, వస్తుంది. రెండోది టర్బో మూతి. లోపల తిరిగే బ్రష్షు ఉంటుంది, దాన్ని తిప్పేది లాగే గాలే. మందం తివాచీ మీద గట్టిగా నొక్కితే ఆగిపోతుంది, పైగా లాగే బలంలో కొంత అదే తినేస్తుంది. మూడోది పవర్ మూతి. దానికి సొంత మోటారు ఉంటుంది, గొట్టం పొడుగునా కరెంటు తీగలు పోతాయి. తివాచీలో దిగబడిన మన్ను తీయాలంటే దీన్ని మించింది లేదు. అయితే గొట్టం పోతే మామూలు గొట్టం తగిలించి పని జరుపుకోలేం, తడి నేల దగ్గరికి దాన్ని తీసుకపోకూడదు.

ఈ తిరిగే బ్రష్షు కత తెలిసినప్పుడు మాకు భలే అనిపించింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ అనే ఊర్లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద అంగట్లో ఊడ్చే పని చేసేవాడు. తివాచీల దుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఫ్యాను మోటారు, పరక కట్టె, దిండు గలీబు కలిపి మిషను చేసుకున్నాడు. దాంట్లోనే తిరిగే బ్రష్షు పెట్టినాడు. 1908లో పేటెంటు వచ్చింది. తర్వాత హక్కులు హూవర్ వాళ్లకు పోయినాయి, ఇప్పుడు లోకమంతా హూవర్ పేరే. ఊడ్చేటోని పేరు ఎవురికీ తెలీదు. మనం ఈ పెట్టె మాదిరి చూసేదాన్ని 1921లో ఎలెక్ట్రోలక్స్ తెచ్చింది. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వాళ్లు ఇంటింటికీ తిరిగి అమ్మినారు. మన తాండాల పక్కకు, గుడిసెల పక్కకు వచ్చి ఉండరులే.

మన జిల్లాలో నేల అంటే ఏముంది? కడప బండలు, టైల్సు, మార్బుల్. గట్టి నేల మీద తిరిగే బ్రష్షు పెడితే ఇసకను లాక్కోవడానికి ముందే ఎగజిమ్ముతుంది, అది పోయి గోడ మూలకు తగుల్తుంది. బండల సందుల్లో ఇరుక్కున్న మన్నుకు సన్నమూతి చాలు. మేం పవర్ మూతిని అద్దెకు తెచ్చి మూడిళ్లలో చూసినాం. అది పనికొచ్చింది ప్రొద్దుటూరులో ఒక్క బట్టలంగట్లోనే, అదీ పైఅంతస్తు తివాచీ మీద. అక్కడ కూడా అర్ధగంటకొకసారి ఆపి బ్రష్షుకు చుట్టుకున్న దారప్పోగులు కత్తెరతో కోసుకోవాల్సి వచ్చింది.

జమ్మలమడుగు పక్క నల్లరేగడి దుమ్ము మెత్తన, పిండి మాదిరి. ఎర్రగుంట్ల దావలో సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరి ఇళ్లలో ఇంకా సన్నం. అక్కడ మూతి కన్నా ఫిల్టర్ ముఖ్యం. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల నలుసుల్ని 99.97 శాతం పట్టాల. అది లేకుంటే ముందు లాగిన దుమ్మును వెనక నుంచి మన ముక్కులోకే వదుల్తుంది. ఆ ఊర్లకు పోతే ఇంకొక ఫిల్టర్ దగ్గర పెట్టుకోండి.

పులివెందుల సంగతి వేరే. బ్రాహ్మణపల్లె పక్క రాతినార గనులు ఉన్నాయని మీకు తెలుసు. ఆ ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో దిగితే ఏండ్ల తర్వాత జబ్బై బయటపడుతుంది. ఒకచోట పాత రేకులు కోసి, ఆ పొడి మిషనుతో లాగమన్నారు. మేం చేయమన్నాం. రేకుల్లో ఉండేదీ అదే నార. మామూలు మిషను ఆ నారను గదంతా చల్లుతుంది, పరకైనా అంతే. దానికి ప్రత్యేకమైన మిషన్లు, మాస్కులు, తడిపి చేసే పద్ధతి ఉన్నాయి. ఆ రోజు కూలి పోయింది. ఇంకెవురైనా పిలిస్తే మీరూ పోవద్దండి.

ఇప్పుడు అసలు మాట. సంచి ఉండే మిషను మేలు, దుమ్ము చేతికి అంటకుండా సంచితోనే పారేయొచ్చు. అయినా మేం అద్దం మాదిరి కనపడే డబ్బా ఉండేదే కొన్నాం. ఎందుకంటే ప్రొద్దుటూరు బంగారం ఊరు. ఒకింట్లో పని అయినాక ముక్కుపుడక కనపడలేదన్నారు. అప్పటిదాకా ‘ఏం చదువుతాండారు నాయనా’ అని అడిగిన ఆమె, ‘మీరు ఏ కులమోళ్లు’ అనింది. మేం ఏం మాట్లాడలేదు. పేపరు పరిచి డబ్బా బోర్లించినాం. వెంట్రుకల ఉండలో ఉండాది ముక్కుపుడక. దొరక్కపోయింటే ఏమయ్యేదో ఈ గ్రూపులో ఎవురికీ చెప్పబల్లేదు. నేరస్త జాతుల చట్టం 1952లోనే పోయింది, చూపు పోలేదు.

అప్పటి నుంచి మాకు ఒక పద్ధతి ఉంది. పని మొదలుపెట్టే ముందు ఖాళీ డబ్బా ఇంటోళ్లకు చూపిస్తాం, అయినాక వాళ్ల ముందరే బోర్లిస్తాం. దుమ్ము లేస్తుంది, దగ్గొస్తుంది, అయినా సరే.

మిషను కొన్నామని చెప్తే మా నలుగురిలో ఒకరి అమ్మ, ‘ఇంక మా ఈతపరకలు ఎవురు కొంటారురా?’ అనింది. నగుతానే అనింది గాని ఆ మాట మాకు ఊరికే పోలేదు. ఈతాకు కోసి, ఎండబెట్టి, చీల్చి, కట్టి, సంతలో అమ్మిన డబ్బులే మమ్మల్ని ఇంటర్ దాటించినాయి. చుట్టాలాయన ఒకాయన ‘కాలేజీకి పోయి కూడా కసువే ఊడ్చాల్నా’ అన్నాడు. ఆయనకు జవాబు చెప్పలేదు. అమ్మకు మాత్రం చెప్పినాం: వాకిలికి, చెత్తాకులకు, తడి కసువుకు ఏ మిషనూ ఈతపరక ముందర నిలబడదని. అది నిజం కూడా. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా మిషనుతో పాటు రెండు పరకలు తీసుకపోతాం. అడిగినోళ్లకు అమ్ముతాం కూడా.

కొన్నది సెకండ్‌హ్యాండ్ కానిస్టర్, మామూలు మూతి, సన్నమూతి, హెపా ఫిల్టర్, కనపడే డబ్బా. పవర్ మూతి కొనలేదు. దాంతోపాటు ఒక టర్బో మూతి ఊరికే వచ్చింది, మాకు నెలకొకసారి కూడా పని పడదు. తివాచీ పని తగిలితే శనివారం సాయంత్రం హాస్టల్‌కొచ్చి తీసుకపోండి, సోమవారం కాలేజీ టైముకు తెచ్చియ్యండి. తెచ్చేటప్పుడు బ్రష్షుకు చుట్టుకున్న పోగులు మాత్రం కోసి తేండి.